మేదినీపూర్ పల్లెలకు బడులు తెచ్చిన పండితుడు ఈశ్వరచంద్ర విద్యాసాగర్

పశ్చిమ బెంగాల్‌లోని పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో రెండు ఊళ్ల పేర్లు దేశమంతటా వినిపిస్తాయి. ఒకటి రైల్వే కూడలిగా, కర్మాగారాల పట్టణంగా పేరు పొందిన ఖరగ్‌పూర్. రెండవది ఘాటాల్ ప్రాంతంలోని వీరసింహ అనే పల్లె. వాడుకలో దానిని బీర్‌సింఘా అంటారు. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కంపెనీ వంగదేశం నుండి దక్షిణానికి పట్టాలు పరచినప్పుడు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి వేలాది తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్‌కు తరలివచ్చి స్థిరపడ్డాయి. వారు వచ్చేనాటికే వీరసింహ గ్రామంలో పుట్టిన మహాపురుషుడు లోకాన్ని విడిచి వెళ్లారు. అయితే వారు అడుగుపెట్టిన నేల మీద పల్లెబడి అనే భావనకు రూపం ఇచ్చినవారు ఆయనే. ఆయనే పండిత ఈశ్వరచంద్ర విద్యాసాగర్.

వితంతు వివాహ చట్టం కోసం పోరాడిన సంస్కర్తగా విద్యాసాగర్‌ను తెలుగువారు బాగా ఎరుగుదురు. ఆయన జీవితంలో అంతే ముఖ్యమైన మరో అధ్యాయం మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. పేదవాని బిడ్డకు, ఆడపిల్లకు, పల్లెలో ఉన్నవానికి చదువు ఎవరు చెప్పాలి, ఆ చదువుకయ్యే ఖర్చును ఎవరు భరించాలి అనే ప్రశ్నకు ఆయన జీవితమంతా సమాధానం వెతికారు. ఆ వెతుకులాటలో కొంత గెలిచారు, కొంత ఓడిపోయారు, ఒక్కోసారి తన ఆచరణకే భిన్నమైన అభిప్రాయాన్నీ ప్రకటించారు.

మైలురాళ్ల మీద అంకెలు

ఈశ్వరచంద్ర 1820 సెప్టెంబరు 26న జన్మించారు. ఆనాడు వీరసింహ గ్రామం హుగ్లీ జిల్లాలో ఉండేది. తరువాతి కాలంలో మేదినీపూర్ జిల్లాలో చేరింది. తండ్రి ఠాకూర్‌దాస్ బందోపాధ్యాయ కలకత్తాలో స్వల్ప వేతనంతో కుటుంబాన్ని పోషించిన నిరుపేద బ్రాహ్మణుడు. తల్లి భగవతీదేవి. ఆకలితో వచ్చినవారిని కులం అడగకుండా ఆదరించే తల్లిగా ఆమెను విద్యాసాగర్ జీవితచరిత్రకారులు వర్ణించారు.

గ్రామంలోని వీధిబడిలో అక్షరాలు దిద్దిన తరువాత, ఎనిమిదేళ్ల వయస్సులో తండ్రి వెంట కాలినడకన కలకత్తాకు బయలుదేరారు. దారి పొడవునా నాటిన మైలురాళ్ల మీది ఆంగ్ల అంకెలను చూస్తూ, గమ్యం చేరేలోపే వాటిని నేర్చుకున్నారన్న వృత్తాంతం వంగదేశంలో ప్రతి ఇంటా వినిపిస్తుంది. నగరంలోని బడాబజారులో ఒక గృహస్థుని ఇంట ఆశ్రయం లభించింది. ఆ ఇంటి ఆడపడుచు రాయమణి చూపిన ఆదరణను ఆయన జీవితాంతం మరువలేదు. స్త్రీల పట్ల తనకు గల పక్షపాతానికి మూలం ఆమె వాత్సల్యమేనని ఆయన తన అసంపూర్ణ ఆత్మకథలో రాసుకున్నారు.

1829లో ప్రభుత్వ సంస్కృత కళాశాలలో చేరి పన్నెండు సంవత్సరాలకు పైగా వ్యాకరణం, కావ్యం, అలంకారం, వేదాంతం, న్యాయం, ధర్మశాస్త్రం అధ్యయనం చేశారు. ఇంట్లో వంట, గిన్నెలు తోమడం, తమ్ముళ్ల బాధ్యత ఆయనవే. ఉపకార వేతనమే చదువుకు ఆధారం. ఇరవై ఏళ్లు నిండకముందే విద్యాసాగర్ అనే బిరుదు లభించింది. అదే ఆయన ఇంటిపేరును మరిపించింది. 1841 చివరిలో ఫోర్ట్ విలియం కళాశాలలో నెలకు 50 రూపాయల జీతంతో ప్రధాన పండితునిగా ఉద్యోగ జీవితం ప్రారంభించారు.

తెరుచుకున్న తలుపులు

1851 జనవరిలో విద్యాసాగర్ సంస్కృత కళాశాల ప్రిన్సిపాల్ అయ్యారు. అప్పటివరకు అందులో బ్రాహ్మణ, వైద్య కులాల బాలురకే ప్రవేశం ఉండేది. అదే సంవత్సరం ఆయన కాయస్థులకు ప్రవేశం కల్పించారు. 1854 చివరికి గౌరవనీయులుగా పరిగణించే ఇతర హిందూ కులాలకూ తలుపులు తెరిపించారు. తిథులను బట్టి ఇచ్చే సెలవులకు బదులు ఆదివారం సెలవును ప్రవేశపెట్టారు. సంస్కృతంతో పాటు ఆంగ్లాన్ని, పాశ్చాత్య తర్కాన్ని, గణితాన్ని పాఠ్యక్రమంలో చేర్చారు. శాస్త్రం చదివిన పండితుడు మాతృభాషలో స్పష్టంగా రాయగలగాలని, పల్లెబడులకు అటువంటి ఉపాధ్యాయులే కావాలని ఆయన ఆశయం.

ఈ ఉదారత్వానికి హద్దు లేకపోలేదు. 1855లో సువర్ణవణిక కులానికి చెందిన విద్యార్థికి ప్రవేశం కల్పించే ప్రశ్న వచ్చినప్పుడు ఆయన అంగీకరించలేదు. అప్పటికే సంస్కరణలకు ఆగ్రహించిన సనాతనులు మరింత ఎదురుతిరుగుతారని ఆయన భావించారు. ఒక్కొక్క మెట్టుగా ముందుకు సాగాలన్న ఆ జాగ్రత్త నేటి దృష్టితో చూస్తే లోపంగానే కనిపిస్తుంది. ఆనాటి కలకత్తాలో అంతవరకు సాగడమే పెద్ద కలకలమన్నది కూడా నిజం.

ఊరు ఇల్లు కడుతుంది, సర్కారు జీతమిస్తుంది

అప్పటి పల్లెల్లో చదువు అంటే వీధిబడే. గురువుకు స్థిరమైన జీతం లేదు. పిల్లల తల్లిదండ్రులు ఇచ్చే బియ్యం, కూరగాయలు, నాలుగు అణాలే ఆయన జీవనాధారం. అచ్చు పుస్తకాలు లేవు. ఇవ్వగలిగినవాని బిడ్డే బడిలో నిలిచేవాడు. 1844లో గవర్నర్ జనరల్ హార్డింజ్ 101 దేశభాషా పాఠశాలలను ప్రారంభించినా, పర్యవేక్షణ లేక, పుస్తకాలు లేక అవి క్షీణించాయి.

ఈ అనుభవాన్ని దృష్టిలో ఉంచుకొని 1854 ఫిబ్రవరిలో విద్యాసాగర్ దేశభాషా విద్యపై ఒక ప్రణాళికను హాలిడేకు సమర్పించారు. కొద్దికాలానికే బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నరు పదవి చేపట్టిన హాలిడేకు ఆ ప్రణాళిక నచ్చింది. మాతృభాషలో చదవడం, రాయడం, లెక్కలతో ఆగిపోకుండా భూగోళం, చరిత్ర, జీవితచరిత్రలు, ప్రకృతి విజ్ఞానం కూడా బోధించాలని అందులో సూచించారు. ఉపాధ్యాయుల జీతం క్రమం తప్పకుండా అందాలని, పాఠశాలలను తరచుగా తనిఖీ చేయాలని కోరారు. అదే సంవత్సరం ఇంగ్లండు నుండి వచ్చిన వుడ్ విద్యా పత్రం కూడా దేశభాషా పాఠశాలలకు ప్రభుత్వ సహాయాన్ని సిఫారసు చేసింది.

1855 మే నెలలో విద్యాసాగర్‌ను దక్షిణ బెంగాల్ పాఠశాలల తనిఖీ అధికారిగా కూడా నియమించారు. ప్రిన్సిపాల్ జీతం 300 రూపాయలకు మరో 200 తోడైంది. నదియా, వర్ధమాన్, హుగ్లీ, మేదినీపూర్ జిల్లాలు ఆయన పరిధి. పల్లకీలోనూ, కాలినడకనా ఊరూరూ తిరిగి గ్రామపెద్దలతో మాట్లాడారు. పాఠశాల భవనాన్ని గ్రామస్థులు తమ ఖర్చుతో నిర్మించి ఇవ్వాలి. ఉపాధ్యాయుల జీతాన్ని ప్రభుత్వం భరించాలి. ఇదే ఆయన కుదిర్చిన ఒప్పందం. చట్టం ద్వారా ఏర్పడిన గ్రామ పాలక సంస్థ ఏదీ లేని కాలంలో, గ్రామ సమాజం చేత ఉమ్మడిగా బాధ్యత తీసుకునేలా చేసిన ఏర్పాటు అది.

1855 ఆగస్టు నుండి 1856 జనవరి వరకు, ఆరు నెలల వ్యవధిలో, జిల్లాకు అయిదు చొప్పున ఇరవై ఆదర్శ పాఠశాలలు వెలిశాయి. మేదినీపూర్ జిల్లాలో వాటికి నెలవైన ఊళ్లు గోపాల్‌నగర్, వాసుదేవపూర్, మాలంచ, ప్రతాప్‌పూర్, జక్‌పూర్. ఖరగ్‌పూర్ నుండి హౌరా వైపు వెళ్లే లోకల్ బండ్లలో ప్రయాణించేవారికి జక్‌పూర్ స్టేషన్ చిరపరిచితం. రైలు కూత వినిపించడానికి దాదాపు అర్ధశతాబ్దం ముందే ఆ పల్లెకు సర్కారు జీతంతో నడిచే బడి వచ్చింది.

బడులకు శిక్షణ పొందిన ఉపాధ్యాయులు కావాలి. అందుకోసం 1855 జూలైలో కలకత్తాలో నార్మల్ స్కూలు, అంటే ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల ప్రారంభమైంది. ప్రముఖ హేతువాద రచయిత అక్షయకుమార్ దత్తాను విద్యాసాగర్ పట్టుబట్టి దానికి ప్రధానోపాధ్యాయునిగా తీసుకువచ్చారు.

స్వగ్రామంలో ఉచిత పాఠశాల

ప్రభుత్వ పథకానికి ముందే, 1853లో, విద్యాసాగర్ తన సొంత ఖర్చుతో వీరసింహ గ్రామంలో ఉచిత పాఠశాలను స్థాపించారు. అందులో రుసుము లేదు. పుస్తకాలు, పలక, కాగితం కూడా ఉచితమే. దూరగ్రామాల నుండి వచ్చిన నిరుపేద బాలురకు ఆయన ఇంటిలోనే భోజనం, వసతి. పగలు పొలంలో పని చేసే రైతు బిడ్డల కోసం రాత్రి పాఠశాల నడిచింది. బాలికలకు వేరుగా బడి ఏర్పాటైంది. గ్రామంలో ఉచిత వైద్యశాల కూడా వెలిసింది.

కలకత్తాలోని సంస్కృత కళాశాలలో ఆయనే ప్రవేశ రుసుమును, నెలసరి రుసుమును ప్రవేశపెట్టారు. పల్లెబడిలో మాత్రం ఆ ఊసే లేదు. ఇవ్వగలిగినవారు ఇవ్వాలి, ఇవ్వలేనివారికి చదువు ఆగకూడదు అన్నది ఆయన ఆచరించిన నియమం. బడికి రాకపోవడానికి కారణం కేవలం రుసుము కాదని ఆయనకు స్వానుభవం ద్వారా తెలుసు. పుస్తకం కొనలేకపోవడం, మధ్యాహ్నం తిండి లేకపోవడం, పగటి కూలి పోవడం, ఆడపిల్లను బయటికి పంపలేకపోవడం కూడా కారణాలే. వీరసింహ పాఠశాలలో ఈ నాలుగింటికీ ఏదో ఒక ఏర్పాటు కనిపిస్తుంది.

అక్షరాలకు కొత్త క్రమం

బడి, ఉపాధ్యాయుడు ఉన్నా చేతిలో పెట్టడానికి పుస్తకం లేకపోతే ప్రయోజనం లేదు. ఆ లోటును కూడా ఆయనే తీర్చారు. 1847లో బేతాళ పంచవింశతిని వంగ గద్యంలో వెలువరించారు. 1851లో బోధోదయం ద్వారా పిల్లలకు పదార్థ విజ్ఞానాన్ని పరిచయం చేశారు. 1855లో రెండు భాగాలుగా వర్ణపరిచయం ప్రకటించారు.

తెలుగు పిల్లలకు పెద్దబాలశిక్ష ఎటువంటిదో వంగ బాలలకు వర్ణపరిచయం అటువంటిది. సంస్కృతం నుండి వచ్చి, వంగ ఉచ్చారణలో వాడుక లేని దీర్ఘ ౠకారం, దీర్ఘ ౡకారం వంటి అక్షరాలను ఆయన తొలగించారు. పన్నెండు అచ్చులు, నలభై హల్లులుగా వర్ణమాలను పునర్వ్యవస్థీకరించారు. తేలిక మాటల నుండి చిన్న వాక్యాలకు, అక్కడి నుండి కథలకు మెట్లు మెట్లుగా నడిపించారు. బుద్ధిమంతుడైన గోపాలుడు, అల్లరివాడైన రాఖాలుడు తరతరాల పిల్లలకు పరిచితులయ్యారు. దేవతా స్తుతులతో కాక, బాలుని నిత్యజీవితంతో పాఠం మొదలుకావడం ఆ పుస్తకంలోని విశేషం. ఏ మతానికి చెందిన బిడ్డ అయినా సంకోచం లేకుండా దానిని చదవగలిగాడు. సొంత ముద్రణాలయం ద్వారా వెలువడిన ఈ పుస్తకాల ఆదాయమే ఆయన దానధర్మాలకు, బడులకు ప్రధాన ఆధారమైంది.

ముప్పై అయిదు బాలికా పాఠశాలలు

1849లో డ్రింక్‌వాటర్ బెథూన్ కలకత్తాలో బాలికా పాఠశాల స్థాపించినప్పుడు విద్యాసాగర్ ఆయనకు కుడిభుజంగా నిలిచారు. 1850 చివరి నుండి ఆ పాఠశాల గౌరవ కార్యదర్శిగా పనిచేశారు. కానీ అది నగరంలోని ఉన్నత కుటుంబాల హిందూ బాలికలకు పరిమితమైన సంస్థ. పల్లెలోని ఆడపిల్ల సంగతి ఏమిటన్న ప్రశ్న అలాగే మిగిలింది.

1857లో వర్ధమాన్ జిల్లా జౌగ్రామ్‌లో ప్రారంభించిన బాలికా పాఠశాలకు ప్రభుత్వ సహాయం మంజూరైంది. లెఫ్టినెంట్ గవర్నరు హాలిడే మాటల్లో ప్రోత్సాహం వ్యక్తమైంది. ఆ మాటను నమ్మి విద్యాసాగర్ ఊరూరా గ్రామస్థులను ఒప్పించారు. 1857 నవంబరు నుండి 1858 వేసవి లోపల హుగ్లీ జిల్లాలో ఇరవై, వర్ధమాన్‌లో పదకొండు, మేదినీపూర్‌లో మూడు, నదియాలో ఒకటి, మొత్తం 35 బాలికా పాఠశాలలు ప్రారంభమయ్యాయి. దాదాపు 1,300 మంది బాలికలు చేరారు. నెల ఖర్చు 845 రూపాయలు. అంటే ఒక్కొక్క బడికి సగటున 24 రూపాయలు.

అప్పుడే అడ్డంకి ఎదురైంది. ప్రభుత్వ సహాయ నిబంధనల ప్రకారం బడి ఖర్చులో కొంత భాగాన్ని స్థానికులు చందాల రూపంలో, రుసుముల రూపంలో భరించాలి. ఆడపిల్లను బడికి పంపడమే గొప్ప అనుకొనే తల్లిదండ్రుల నుండి రుసుము రాబట్టడం అసాధ్యం. నిబంధన సడలించాలని బెంగాల్ ప్రభుత్వం భారత ప్రభుత్వాన్ని కోరింది. 1857 తిరుగుబాటుతో ఖజానా మీద భారం పెరిగిన సమయం అది. 1858 మే నెలలో భారత ప్రభుత్వం నిరాకరించింది.

పాఠశాలలు నడుస్తూనే ఉన్నాయి. పంతుళ్లకు జీతాలు లేవు. వారిని నియమించినది విద్యాసాగర్. కాబట్టి వారు ఆయన వంకే చూశారు. బకాయిల మొత్తం 3,439 రూపాయలు దాటింది. ఇది ఆయన ఏడు నెలల జీతానికి దాదాపు సమానం. లిఖితపూర్వకమైన ఉత్తరువు లేకుండా బడులు తెరిచినందుకు బాధ్యత ఆయన మీదనే పడే పరిస్థితి ఏర్పడింది. ప్రభుత్వం మొదట్లోనే వద్దని ఉంటే తాను ముందడుగు వేసేవాడిని కాదని ఆయన అధికారులకు స్పష్టం చేశారు. సుదీర్ఘ ఉత్తరప్రత్యుత్తరాల తరువాత 1858 డిసెంబరులో ఆ పాత బకాయిని చెల్లించడానికి భారత ప్రభుత్వం సమ్మతించింది. ఆ బడులకు శాశ్వత సహాయం మాత్రం ఇవ్వలేదు.

అప్పటికే విద్యాసాగర్ ఉద్యోగంలో లేరు. విద్యాశాఖ డైరెక్టరు గోర్డన్ యంగ్‌తో అభిప్రాయ భేదాలు, అనారోగ్యం, ఈ నిరాశ కలిసి ఆయన చేత 1858 ఆగస్టులో రాజీనామా రాయించాయి. నవంబరు ఆరంభంలో నెలకు 500 రూపాయల ఉద్యోగాన్ని వదిలి బయటికి వచ్చారు. పింఛను లేదు. వితంతు వివాహాల కోసం చేసిన అప్పులు నెత్తిమీద ఉన్నాయి. అయినా బడులను గాలికి వదలలేదు. నారీశిక్షా భండారం పేరిట నిధి ఏర్పాటు చేసి, పైక్‌పారా రాజవంశీయుల వంటి దాతల నుండి, కొందరు ఆంగ్ల అధికారుల నుండి చందాలు సేకరించి కొన్ని బడులను సంవత్సరాల తరబడి నిలబెట్టారు.

ఈ ఘట్టం నేర్పిన పాఠం స్పష్టం. ఒక అధికారి ప్రోత్సాహం మీదనో, ఒక దాత ఔదార్యం మీదనో ఆధారపడిన బడికి భద్రత ఉండదు. చట్టబద్ధమైన బాధ్యత, దానికి తగిన ఆదాయం ఏదో ఒక ప్రజాసంస్థకు ఉన్నప్పుడే బడి నిలుస్తుంది.

1859 నాటి అభిప్రాయం

విద్యాసాగర్‌ను కేవలం పొగడ్తలతో స్మరించేవారు దాటవేసే విషయం ఒకటి ఉంది. శ్రమజీవుల విద్యను ఎంత తక్కువ ఖర్చుతో విస్తరించవచ్చో తెలపాలని ప్రభుత్వం కోరినప్పుడు, 1859 సెప్టెంబరులో ఆయన ఒక లేఖ రాశారు. కూలి చేసి బతికేవారి ఆర్థిక స్థితి బాగుపడనిదే వారి బిడ్డలు బడిలో నిలవలేరని, అరకొర నిధులతో అందరికీ నామమాత్రపు చదువు చెప్పడం కంటే పై తరగతులకు చక్కటి విద్య అందించడమే ప్రస్తుతానికి ఆచరణయోగ్యమని అందులో అభిప్రాయపడ్డారు.

ఊరికి ఉచిత పాఠశాల ఇచ్చినవారు, రైతు బిడ్డలకు రాత్రిబడి నడిపినవారు ఇలా ఎందుకు రాశారన్నది పరిశోధకులు చర్చిస్తూ వచ్చిన విషయం. ఏడాది క్రితమే ప్రభుత్వం చేయి వదలిన అనుభవం ఆయనను నిరాశావాదిని చేసి ఉండవచ్చు. తన వర్గపు దృష్టి పరిమితిని ఆయన దాటలేకపోయారని కొందరు విమర్శించారు. ఏది ఏమైనా, నిధులు చాలవన్న వాదనతో పేదల చదువును వాయిదా వేయడం ఎంత సులభమో ఆ లేఖ చూపుతుంది. కాలం ఆయన లేఖను కాక, ఆయన నడిపిన బడులనే ఆదర్శంగా తీసుకుంది.

కరవు, కర్మాటాడ్, చివరి రోజులు

1866లో ఒడిశా, మేదినీపూర్, గంజాం ప్రాంతాలను ఘోరమైన కరవు కబళించింది. వీరసింహలో విద్యాసాగర్ అన్నసత్రం తెరిపించి నెలల తరబడి ఆకలిగొన్నవారికి భోజనం పెట్టించారు. అంటరానివారిగా భావించే కులాల స్త్రీల తలలకు వడ్డించేవారు దూరం నుండి నూనె పోయడం చూసి, ఆయన స్వయంగా వారి తలలకు నూనె రాశారని జీవితచరిత్రకారులు నమోదు చేశారు. అదే సంవత్సరం డిసెంబరులో మేరీ కార్పెంటర్‌తో కలిసి ఉత్తరపారా బాలికా పాఠశాలను చూసి వస్తుండగా బండి తిరగబడి తీవ్రంగా గాయపడ్డారు. ఆ తరువాత ఆరోగ్యం పూర్తిగా కోలుకోలేదు.

కలకత్తాలో ఆయన తీర్చిదిద్దిన మెట్రోపాలిటన్ ఇన్‌స్టిట్యూషన్ 1872లో కళాశాల అయింది. ఆంగ్ల అధ్యాపకులు లేకుండా, పూర్తిగా భారతీయుల నిర్వహణలో ఉన్నత విద్య సాధ్యమని అది నిరూపించింది. నేడు అది విద్యాసాగర్ కళాశాల.

కుటుంబ కలహాలు, మిత్రుల కృతఘ్నత ఆయనను నొప్పించాయి. 1869లో వీరసింహను వీడి మళ్లీ అక్కడ అడుగు పెట్టలేదు. అయినా ఆ ఊరి బడికి సహాయం మానలేదు. తరువాత తల్లి పేర భగవతీ విద్యాలయంగా దానిని పునరుద్ధరించారు. 1870వ దశకం నుండి నేటి ఝార్ఖండ్‌లోని కర్మాటాడ్‌లో సంతాల్ గిరిజనుల మధ్య అధిక కాలం గడిపారు. వారికి హోమియో వైద్యం చేశారు, బాలికలకు బడి, పెద్దలకు రాత్రి పాఠశాల నడిపారు. నాగరిక సమాజంలో దొరకని నిష్కపటమైన ప్రేమ ఆయనకు అక్కడ లభించింది. ఆ ఊరి రైల్వే స్టేషన్‌కు నేడు విద్యాసాగర్ అనే పేరు.

1891 జూలై 29న డెబ్బై ఏళ్ల వయస్సులో ఆయన కలకత్తాలో కన్నుమూశారు.

గోదావరి తీరాన మరో ప్రయోగం

విద్యాసాగర్ మేదినీపూర్ పల్లెల్లో తిరుగుతున్న కాలంలోనే గోదావరి డెల్టాలో మరో ప్రయత్నం సాగింది. సబ్ కలెక్టరు జి.ఎన్. టేలర్ ప్రోత్సాహంతో నరసాపురం ప్రాంతపు రైతులు భూమిశిస్తుతో పాటు కొంత సొమ్మును పన్నుగా చెల్లించి తమ గ్రామాల్లో బడులు నడుపుకోవడానికి అంగీకరించారు. వాటిని రేట్ స్కూళ్లు అనేవారు. ఆ పన్నుకు చట్టబద్ధత కల్పించే ఉద్దేశంతో 1863లో మద్రాసు విద్యా చట్టం వచ్చింది. వంగదేశంలో గ్రామస్థులు భవనం ఇచ్చారు. గోదావరి తీరంలో పన్ను కట్టారు. దారులు వేరైనా ఊరి బడి ఊరి బాధ్యత అన్న ఆలోచన రెండింటిలోనూ ఉంది.

విద్యాసాగర్ ప్రభావం తెలుగునాట కందుకూరి వీరేశలింగం పంతులు గారి ద్వారా బలంగా వ్యక్తమైంది. 1874లో ధవళేశ్వరంలో బాలికా పాఠశాల స్థాపించి, 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించిన ఆయనను దక్షిణ దేశ విద్యాసాగరుడని దేశం గౌరవించింది.

స్థానిక సంస్థల చేతికి బడి

విద్యాసాగర్ జీవించి ఉన్నప్పుడే కాలం మలుపు తిరిగింది. 1882లో లార్డ్ రిప్పన్ స్థానిక స్వపరిపాలన తీర్మానం వెలువడింది. అదే కాలంలో పనిచేసిన హంటర్ కమిషన్ ప్రాథమిక విద్యను జిల్లా బోర్డులకు, పురపాలక సంఘాలకు అప్పగించాలని సిఫారసు చేసింది. 1911లో గోపాలకృష్ణ గోఖలే నిర్బంధ ప్రాథమిక విద్య బిల్లును ప్రవేశపెట్టారు. స్థానిక సంస్థల చొరవ మీద ఆధారపడిన ఆ బిల్లు నెగ్గలేదు. అయినా దాని ఆశయం 1919 నాటి బెంగాల్ ప్రాథమిక విద్యా చట్టంలో, 1920 నాటి మద్రాసు ప్రాథమిక విద్యా చట్టంలో కనిపించింది. 1930లో బెంగాల్ గ్రామీణ ప్రాథమిక విద్యా చట్టం జిల్లా పాఠశాల బోర్డులకు దారి చూపింది. ఆడపిల్లల బడుల పంతుళ్లకు ఎవరు జీతమివ్వాలని 1858లో విద్యాసాగర్ వేసిన ప్రశ్నకు చట్టం నెమ్మదిగా సమాధానం చెప్పసాగింది.

స్వతంత్ర భారతంలో 1992 నాటి 73, 74వ రాజ్యాంగ సవరణలు పంచాయతీలకు, పురపాలక సంఘాలకు రాజ్యాంగ హోదా ఇచ్చాయి. 2002 నాటి 86వ సవరణ ఆరు నుండి పద్నాలుగేళ్ల పిల్లల విద్యను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం స్థానిక సంస్థల విధులను స్పష్టంగా పేర్కొంది. నివాసానికి దగ్గరలో బడి ఉండేలా చూడాలి. తమ పరిధిలోని పిల్లల వివరాలు నమోదు చేయాలి. బలహీన వర్గాల పిల్లల పట్ల వివక్ష జరగకుండా కాపాడాలి. వలస కుటుంబాల పిల్లలను చేర్చుకోవాలి. సాధ్యమైనంతవరకు బోధన మాతృభాషలో సాగాలని కూడా ఆ చట్టం చెబుతుంది.

ఖరగ్‌పూర్‌కు ఈ వారసత్వం

ఈ చివరి అంశం ఖరగ్‌పూర్ తెలుగువారికి మరింత దగ్గరిది. రైల్వే వర్క్‌షాపు చుట్టూ పెరిగిన ఈ పట్టణంలో తెలుగు, బెంగాలీ, హిందీ, ఒడియా, సంతాలీ, తమిళం ఒకే వీధిలో వినిపిస్తాయి. 1954లో పురపాలక సంఘం ఏర్పడింది. రైల్వే పాఠశాలలు, రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలలతో పాటు తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడా ఇక్కడ తరాలకు చదువు చెప్పాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. ఖరగ్‌పూర్ తెలుగువారి చిరకాల కోరిక అది.

హోదా లభించినంత మాత్రాన తరగతి గది నిండదు. పాఠ్యపుస్తకం సకాలంలో రావాలి, ఆ భాష తెలిసిన ఉపాధ్యాయుని నియామకం జరగాలి, ఆయన జీతం క్రమం తప్పకుండా అందాలి, పేదవాని బిడ్డ మధ్యలో బడి మానకుండా ఎవరో ఒకరు పేరు పేరునా చూసుకోవాలి. 1854 నాటి ప్రణాళికలో విద్యాసాగర్ నొక్కి చెప్పిన విషయాలు దాదాపుగా ఇవే.

కంసావతి నదికి ఆవలి ఒడ్డున, మేదినీపూర్ పట్టణంలో 1981లో స్థాపించిన విశ్వవిద్యాలయానికి విద్యాసాగర్ పేరు పెట్టారు. ప్రతి సంవత్సరం సెప్టెంబరు 26న వంగదేశంలోని పాఠశాలలు ఆయన చిత్రపటానికి పూలమాల వేస్తాయి. ఆయన తెరిచిన 35 బాలికా పాఠశాలలు సొంత నిధులు లేక, చట్టం అండ లేక కష్టాల్లో పడ్డాయి. నేడు బడికి చట్టం అండ ఉంది, పంచాయతీకి, పురపాలక సంఘానికి బాధ్యత ఉంది. ఆ బాధ్యతను ప్రతి వార్డులో, ప్రతి పల్లెలో, ప్రతి భాష మాట్లాడే బిడ్డ విషయంలో నెరవేర్చడమే ఆ పండితునికి ఈ జిల్లా ఇవ్వగలిగిన నివాళి.